ఆక్లాండ్ గుమ్మం శంషాబాద్‌లోనే

శంషాబాద్ విమానాశ్రయంలో ఆక్లాండ్ వెళ్లే ప్రయాణికురాలు ఒకామె చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిలబడి ఉందనుకుందాం. సూట్‌కేసుల తూకం అయింది. కౌంటర్‌లోని అమ్మాయి పాస్‌పోర్టును రీడర్ మీద పెట్టి, రెండు మూడు మీటలు నొక్కి, తెర వంక చూస్తూ ఆగింది. బ్యాగేజీ ట్యాగు కోసం ఆగిందేమో అనుకుంటాం. కానీ ఆ కాస్త వ్యవధిలోనే ప్రయాణికురాలి పేరు, పుట్టిన తేదీ, జాతీయత, పాస్‌పోర్ట్ నంబరు పదకొండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న న్యూజిలాండ్ ఇమిగ్రేషన్ వ్యవస్థకు చేరతాయి. అక్కడి నుంచి జవాబు వస్తుంది. ఎక్కించవచ్చు అంటే బోర్డింగ్ పాస్ చేతికొస్తుంది. ఎక్కించవద్దు అంటే విమానం ఆమె లేకుండానే వెళ్లిపోతుంది. మధ్యలో సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారే టికెట్ అయినా, న్యూజిలాండ్ వెళ్లే విమానం ఎక్కేలోపు ఈ సంప్రదింపు జరిగి తీరాలి. అక్కడి 2009 ఇమిగ్రేషన్ చట్టం ఆ బాధ్యతను విమానయాన సంస్థల మీద పెట్టింది.

ఏ దేశమైనా పరాయి మనిషిని రానిచ్చే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఈ కాగితం అసలుదేనా? దీన్ని పట్టుకొచ్చిన మనిషి ఇందులో ఉన్న మనిషేనా? ఈ మనిషిని రానివ్వొచ్చా? మూడింటినీ కలిపి మనం పాస్‌పోర్ట్ తనిఖీ అనేస్తాం గానీ ఒక్కోదాని వెనక ఒక్కో శాస్త్రం ఉంది, ఒక్కోదానికి ఒక్కో లొసుగూ ఉంది. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఒక పూట నడిస్తే ఈ మూడు ప్రశ్నలూ ఎలా పుట్టాయో, ఎక్కడ బెడిసికొట్టాయో చూపించే చోట్లు వరసగా తగులుతాయి.

రేవు నుంచి కదిలిన గుమ్మం

రేవుకు సమాంతరంగా సాగే పెద్ద రోడ్డు పేరు కస్టమ్స్ స్ట్రీట్. ఇప్పుడక్కడ ఆఫీసు టవర్లు, దుకాణాలు, బ్రిటోమార్ట్ ప్రాంతపు రద్దీ. ఊరు పుట్టిన కొత్తలో అదంతా సముద్రమే. ఒడ్డు ఇప్పటి ఫోర్ట్ స్ట్రీట్ దగ్గర ఉండేది. మట్టి పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టాక ఈ వీధి వచ్చింది. దాని పడమటి కొసన 1889లో థామస్ మహోనీ నమూనాతో కట్టిన కస్టమ్‌హౌస్ ఇప్పటికీ చెక్కు చెదరకుండా ఉంది. ఓడ దిగిన సరుకుకు సుంకం కట్టించుకున్న శాఖే ఆ రోజుల్లో ఓడ దిగిన మనిషి లెక్కా చూసేది.

మనిషి మీద కూడా సుంకం ఉండేది. 1881 చట్టం చైనా నుంచి వచ్చే ఒక్కొక్కరి మీద 10 పౌండ్ల పన్ను వేసింది. 1896లో దాన్ని 100 పౌండ్లు చేశారు. అక్కడ స్థిరపడిన చైనీయులు సొంత ఊరు చూసి రావాలన్నా 1908 నుంచి బయలుదేరే ముందు ధ్రువపత్రం మీద బొటనవేలి ముద్ర వేయాలి. వేరే ఏ దేశం వారినీ ఆ ముద్ర అడగలేదు. ఈ అవమానానికి న్యూజిలాండ్ ప్రభుత్వం తరఫున ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో క్షమాపణ చెప్పారు. ఇవాళ అందరి దగ్గరా మామూలుగా తీసుకునే బయోమెట్రిక్ వివరాల సేకరణ ఆ దేశ సరిహద్దు తనిఖీల్లో మొదలైంది అలా, ఒక్క జాతి మీద అనుమానంతో.

భారతీయులు బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలు కాబట్టి పేరు పెట్టి ఆపడం కుదరలేదు. 1899 చట్టం దానికి అడ్డదారి వెతికింది. దిగేవాడు దరఖాస్తును ఏదైనా ఐరోపా భాషలో నింపి సంతకం పెట్టాలంది. ఆ మాత్రం ఇంగ్లిష్ నేర్చుకుని దిగినవాళ్లూ ఉన్నారు. దాంతో 1920లో చట్టం మళ్లీ మార్చారు. ఓడ ఎక్కకముందే స్వదేశం నుంచి దరఖాస్తు పంపి అనుమతి తెప్పించుకోవాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం కస్టమ్స్ మంత్రి ఇష్టం. కారణం చెప్పి రేవులో తిప్పి పంపే బాధ ప్రభుత్వానికి తప్పింది. ఆక్లాండ్ గుమ్మం కస్టమ్స్ స్ట్రీట్ వదిలి దరఖాస్తుదారుడి ఊరికి కదిలింది అప్పుడే. ఇవాళ్టి వీసాకూ, చెక్-ఇన్ కౌంటర్ దగ్గరి జవాబుకూ మూలసూత్రం అదే.

అదే కాలంలో తెలుగువాళ్లు పసిఫిక్ దీవులకు మరో కాగితం మీద వచ్చారు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలవారు ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాస్ ఇచ్చేవారు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు రాసేవారు. ఫొటో ఉండేది కాదు. దాని బదులు ఒంటి మీది గుర్తు. మోకాలి మీద మచ్చో, నుదుట గాటో చూసి ఈ మనిషే ఆ మనిషని నమ్మాలి. కులం గడి తీసేసి, మచ్చ స్థానంలో ఫొటో పెడితే ఇవాళ్టి పాస్‌పోర్టుకు అది అంత దూరమేమీ కాదు. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్ల తర్వాత ఆ కూలీల మునిమనవలు ఎందరో ఆక్లాండ్ చేరారు. తాతల కాగితం మీద ఊరి పేరుంది. మనవల కాగితంలో చిప్ ఉంది.

గంటల్లో దిగే జనం

ఆక్లాండ్‌కు విదేశీ విమానాలు మొదట దిగింది కూడా నీళ్ల మీదే. సిటీ సెంటర్ తూర్పు అంచున మెకానిక్స్ బే అనే చోటు ఉంది. 1940 ఏప్రిల్ 30న టీల్ విమానయాన సంస్థ నీటి విమానం అక్కడి నుంచే సిడ్నీకి తొలి సర్వీసుగా బయలుదేరింది. అందులో ఎక్కింది పది మంది. అంతమంది కాగితాలను ఒక అధికారి తీరిగ్గా తిరగేయవచ్చు. ఓడల్లోనైతే ప్రయాణం వారాల పాటు సాగేది కాబట్టి ప్రయాణికుల జాబితా చూసుకోవడానికి కావలసినంత వ్యవధి. జెట్ విమానం ఈ లెక్కలన్నీ తలకిందులు చేసింది. ఊరికి దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల అవతల మాంగెరేలో 1960ల మధ్యలో కొత్త విమానాశ్రయం మొదలయ్యాక, ఒక్కో విమానం నుంచి వందల మంది ఒకేసారి దిగసాగారు.

ఏ దేశం వాళ్లకు ఏ కాగితం కావాలో విమానయాన సంస్థలకే గుర్తుండని పరిస్థితి అప్పటికే వచ్చింది. సరైన కాగితం లేని మనిషిని ఎక్కిస్తే తిరిగి తీసుకెళ్లాల్సింది ఆ సంస్థే. జరిమానా పడితే అదీ వాళ్ల నెత్తినే. అందుకే అన్ని దేశాల నిబంధనలనూ ఒకచోట చేర్చే టిమాటిక్ అనే సమాచార వ్యవస్థ 1963లో పుట్టింది. ఇవాళ్టికీ చెక్-ఇన్ సిబ్బంది సంప్రదించేది దాన్నే. కౌంటర్‌లోని అమ్మాయి మనల్ని రిటర్న్ టికెట్ గురించి గుచ్చి గుచ్చి అడిగితే అది ఆమె సొంత అనుమానం కాదన్నమాట. తప్పు జరిగితే ఖర్చు వాళ్లది.

ఇక మిగిలింది వేగం. కాగితాన్ని మనిషి కాకుండా యంత్రం చదవాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, 1980లో డాక్ 9303 అనే ప్రమాణ గ్రంథం తెచ్చింది. పాస్‌పోర్టులో ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరసలు దాని చలవే.

రెండు వరసల లెక్క

ఒక్కో వరసలో సరిగ్గా 44 స్థానాలు. ఖాళీ జాగా ఉండకూడదు. ఖాళీ వచ్చిన చోటల్లా లెక్కల్లో 'కంటే తక్కువ' అని రాసే గుర్తు పెడతారు. అక్షరాలు ఓసీఆర్-బి అనే అచ్చులో ఉంటాయి. యంత్రానికి తికమక లేకుండా, మనిషి కంటికీ ఇబ్బంది లేకుండా ఆడ్రియన్ ఫ్రూటిగర్ 1968లో రూపొందించిన అచ్చు అది. రెండో వరసలో పాస్‌పోర్ట్ నంబరు, దేశం, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా, గడువు తేదీ ఉంటాయి. నంబరు తర్వాత, రెండు తేదీల తర్వాత మనకు అర్థం కాని ఒక్కో అంకె కనిపిస్తుంది. అది తనిఖీ అంకె.

దాన్ని ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. పుట్టిన తేదీ 1947 ఆగస్టు 15 అనుకుందాం. యంత్రం భాషలో ఏడాది, నెల, రోజు వరసలో అది 470815. ఈ అంకెలను ఎడమ నుంచి 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించాలి. నాలుగేళ్లు 28, ఏడు మూళ్లు 21, సున్నా, ఎనిమిదేళ్లు 56, ఒకటి మూళ్లు 3, అయిదు ఒకట్లు 5. మొత్తం 113. చివరి అంకె 3. పాస్‌పోర్టులో తేదీ పక్కన ఉండాల్సింది ఆ 3. ఎవరైనా 47ను పొరపాటున 74గా కొడితే మొత్తం 125 అవుతుంది, చివరి అంకె 5 వస్తుంది. అచ్చయి ఉన్న 3తో పొసగదు. యంత్రం వెంటనే కాదంటుంది.

7, 3, 1లనే ఎందుకు ఎంచుకున్నారు? మూడింటికీ 10తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అందువల్ల ఏ స్థానంలోనైనా ఒక అంకె తప్పు పడితే మొత్తం చివరి అంకె మారక తప్పదు. 2తోనో 5తోనో గుణించి ఉంటే కొన్ని తప్పులు జారిపోయేవి. అయినా ఈ పద్ధతికీ కన్నాలున్నాయి. పక్కపక్కన ఉన్న 1, 6 తారుమారైతే పట్టుకోలేదు. 7తో 1, 3తో 6 గుణిస్తే మొత్తం 25; తిప్పి వేస్తే 45. రెండింటికీ చివర 5. తేడా 5 ఉన్న ఏ రెండు అంకెలకైనా ఇదే తంతు. ఏడాదికి రెండు అంకెలే ఉండటం ఇంకో చిక్కు. 1925లో పుట్టిన ముత్తవ్వ, 2025లో పుట్టిన పసిపాప ఆ వరసలో ఒకేలా 25. ఇద్దరిలో ఎవరో యంత్రం మిగతా వివరాలను బట్టి ఊహించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి వేరే ఉంది. తనిఖీ అంకె పొరపాటును పట్టుకుంటుంది, మోసాన్ని పట్టుకోదు. ఈ లెక్క మనకు తెలిసినట్టే దొంగ పాస్‌పోర్ట్ అచ్చేసేవాడికీ తెలుసు.

39 స్థానాల్లో తెలుగు పేరు

మొదటి వరసలో పత్రం రకానికి రెండు, దేశానికి మూడు స్థానాలు పోగా పేరుకు మిగిలేవి 39. ముందు ఇంటిపేరు, తర్వాత రెండు ఖాళీ గుర్తులు, ఆపైన పేరు. ఈ కొలత పెట్టినవాళ్ల మనసులో గోదావరి జిల్లాల పేర్లు లేవు. వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మధ్య ఖాళీలతో కలిపి 34 స్థానాలు. ఇంటిపేరు చక్రవర్తుల అయితే దానికి 14, రెండు ఖాళీ గుర్తులు. మొత్తం 50. పదకొండు స్థానాల మేర తోక తెగుతుంది. పై భాగంలో పూర్తి పేరు, కింది వరసలో తెగిన పేరు, టికెట్ మీద ట్రావెల్ ఏజెంటు కొట్టిన మూడో రకం పేరు. కౌంటర్ దగ్గర ఆలస్యాలకు ఇలాంటివే కారణం.

ఇంతకు మించిన తలనొప్పి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం. మన ఇళ్లల్లో ఇంటిపేరును ఒక పొడి అక్షరంగా వాడటం అలవాటు. బడి రికార్డులోనూ ఆ ఒక్క అక్షరమే ఎక్కి, పాస్‌పోర్ట్ దరఖాస్తులో పేరంతా ఒకే గడిలో పడిన ఉదంతాలు కోకొల్లలు. ఐకావో ప్రమాణం ఒంటి పేరును ఒప్పుకుంటుంది. కొన్ని దేశాలు ఒప్పుకోవు. 2022 నవంబరులో యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్టులకు సందర్శక వీసా మీద ప్రవేశం లేదని ప్రకటించినప్పుడు దుబాయ్ ప్రయాణాలు పెట్టుకున్న తెలుగువాళ్లు హడావిడిగా పేర్లు విడగొట్టించుకోవాల్సి వచ్చింది. ఆక్లాండ్‌కు దుబాయ్ మీదుగా వెళ్లేవారూ ఉన్నారు. మన గమ్యం పెట్టిన నిబంధనలతో పాటు మధ్యలో ఆగే దేశాల నిబంధనలూ చూసుకోవాలని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

మార్స్‌డెన్ రేవు, 1985

కస్టమ్స్ స్ట్రీట్ నుంచి తూర్పుగా కాస్త నడిస్తే మార్స్‌డెన్ రేవు. 1985 జులై 10 అర్ధరాత్రి దగ్గర పడుతుండగా అక్కడ కట్టేసి ఉన్న పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ నౌక రెయిన్‌బో వారియర్ రెండు పేలుళ్లతో మునిగిపోయింది. ఫొటోగ్రాఫర్ ఫెర్నాండో పెరేరా చనిపోయాడు. రెండు రోజులకు ఒక జంట పోలీసుల చేతికి చిక్కింది. పాస్‌పోర్టుల ప్రకారం వాళ్లు ట్యూరెంజ్ అనే స్విస్ దంపతులు. స్విట్జర్లాండ్‌ను వాకబు చేస్తే ఆ పాస్‌పోర్టులు దొంగవని తేలింది. వాళ్లు ఫ్రెంచ్ గూఢచారులు అలాన్ మఫార్, డొమినిక్ ప్రియర్. ఇద్దరికీ ఆక్లాండ్‌లో పదేళ్ల శిక్ష పడింది.

వాళ్లు దేశంలోకి వచ్చేటప్పుడు ఆ పాస్‌పోర్టులు అధికారి చేతుల్లోంచి సాఫీగా దాటిపోయాయి. ప్రభుత్వ గూఢచార సంస్థ తయారు చేయించిన కాగితం అసలుదో కాదో కంటితో చెప్పడం కష్టం. అసలు జారీ చేసిన దేశాన్ని అడిగితేనే తెలుస్తుంది. దిగే ప్రతి మనిషి గురించీ వాళ్ల దేశానికి ఫోను చేసి అడగలేం కదా. పాస్‌పోర్టులోని చిప్ పరిష్కరించింది సరిగ్గా ఈ సమస్యనే. న్యూజిలాండ్ తన చిప్ పాస్‌పోర్టును 2005లో మొదలుపెట్టింది. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ-పాస్‌పోర్ట్ హైదరాబాద్ కార్యాలయానికీ వచ్చింది. అట్ట మీద అడుగున బంగారు రంగు చిన్న చిహ్నం ఉంటే లోపల చిప్ ఉన్నట్టు.

చిప్‌కు బ్యాటరీ ఉండదు. రీడర్ వెదజల్లే 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల నుంచే యాంటెన్నా విద్యుత్తు తీసుకుంటుంది. పది సెంటీమీటర్లలోపు ఉంటేనే పని చేస్తుంది. జేబులో ఉన్న పాస్‌పోర్టును పక్కవాడు చదివేస్తాడేమోనన్న భయానికి కూడా విరుగుడు ఆలోచించారు. చిప్ తెరుచుకోవాలంటే తాళంచెవి కావాలి. ఆ చెవిని పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీల నుంచి తయారు చేస్తారు. అంటే ముందు పుస్తకం తెరిచి ఆ రెండు వరసలు చదివితే తప్ప చిప్ నోరు విప్పదు. రీడర్ మీద పాస్‌పోర్టును తెరిచి బోర్లించమనేది ఇందుకే.

చిప్‌లో ఉన్న పేరు, ఫొటోలకు విడివిడిగా ఒక్కో గణిత సారాంశం తీస్తారు. ఫొటోలో ఒక్క చుక్క మారినా సారాంశం పూర్తిగా మారిపోతుంది. ఆ సారాంశాల పట్టిక మీద జారీ చేసిన ప్రభుత్వం తన రహస్య సంఖ్యతో డిజిటల్ సంతకం చేస్తుంది. సంతకం చేయడానికి రహస్య సంఖ్య కావాలి. సరిచూడటానికి దానికి జోడీ అయిన బహిరంగ సంఖ్య చాలు. బహిరంగ సంఖ్య నుంచి రహస్య సంఖ్యను రాబట్టడం ఇప్పటి కంప్యూటర్లకు ఆచరణలో అసాధ్యం. దేశాలు తమ బహిరంగ సంఖ్యలను పంచుకోవడానికి ఐకావో 2007లో ఒక ఉమ్మడి భాండాగారం నెలకొల్పింది. న్యూజిలాండ్ దాని తొలి సభ్యుల్లో ఒకటి. 1985లో స్విట్జర్లాండ్‌కు కబురు పంపి తెప్పించుకోవాల్సిన జవాబు ఇప్పుడు కౌంటర్ దగ్గరే, క్షణాల్లో, ఎవరినీ అడగకుండా దొరుకుతుంది. అసలు చిప్‌లోని సమాచారాన్ని మక్కికి మక్కి కాపీ చేసి వేరే చిప్‌లో పెట్టేవాడిని ఆపడానికి ఇంకో ఏర్పాటుంది. చాలా దేశాల చిప్‌లలో బయటికి రాని మరో రహస్య సంఖ్య ఉంటుంది. రీడర్ అప్పటికప్పుడు ఇచ్చే లెక్కకు ఆ సంఖ్య ఉన్న చిప్ మాత్రమే జవాబు చెప్పగలదు.

ముఖం చెప్పే సాక్ష్యం

కాగితం అసలుదని తేలింది. తెచ్చినవాడు దాని సొంతదారేనా అన్నది రెండో ప్రశ్న. ఆక్లాండ్ విమానాశ్రయంలో 2009 నుంచి ఈ పనిని కొన్ని దేశాల పాస్‌పోర్టులకు ఆటోమేటిక్ గేటు చేస్తోంది. గేటు కెమెరా తీసిన ముఖాన్నీ, చిప్‌లోని ఫొటోనూ కంప్యూటర్ రెండు సంఖ్యల వరసలుగా మారుస్తుంది. రెండు వరసల మధ్య దూరం ఒక హద్దు కంటే తక్కువుంటే తలుపు తెరుచుకుంటుంది. ఫొటోలో నవ్వొద్దు, తల వంచొద్దు అని స్టూడియోవాళ్లు విసిగించేది ఈ దూరం అనవసరంగా పెరగకూడదనే.

హద్దు ఎక్కడ పెట్టాలన్నది చిక్కు ప్రశ్న. మరీ బిగిస్తే పదేళ్ల కిందటి ఫొటోతో వచ్చిన అసలు మనిషినే గేటు ఆపేస్తుంది. వదులు చేస్తే అన్న పాస్‌పోర్టుతో తమ్ముడు దాటిపోతాడు. ఒక తప్పు తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. రెండూ సున్నా అయ్యే హద్దు లేదు. అందుకే గేటు కాదన్నవారిని దోషిగా చూడరు. పక్కన కూర్చున్న అధికారి దగ్గరికి పంపుతారు, ఆయన మామూలుగా చూసి పంపించేస్తాడు.

హైకోర్టు, 2004

రేవు నుంచి గుట్టెక్కి విశ్వవిద్యాలయం వైపు వెళ్తే 1868 నాటి ఎర్ర ఇటుకల హైకోర్టు భవనం. 2004 జులైలో అక్కడ ఇద్దరు ఇజ్రాయెల్ పౌరులకు ఆరు నెలల శిక్ష పడింది. నేరం మోసంతో న్యూజిలాండ్ పాస్‌పోర్ట్ పొందే ప్రయత్నం. వాళ్లు పాస్‌పోర్టును ఫోర్జరీ చేయలేదు. సెరిబ్రల్ పాల్సీతో బాధపడుతూ ఎన్నడూ పాస్‌పోర్ట్ తీసుకోని ఒక ఆక్లాండ్ వాసి పేరిట పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టారు. పాస్‌పోర్ట్ అధికారి ఒకరికి దరఖాస్తుదారు మాట తీరు మీద అనుమానం రావడంతో గుట్టు రట్టయింది. ఆ ఇద్దరూ ఇజ్రాయెల్ గూఢచారులని చెప్పి న్యూజిలాండ్ ఆ దేశంతో సంబంధాలను తగ్గించుకుంది. మరుసటి ఏడాది ఇజ్రాయెల్ క్షమాపణ చెప్పింది.

ఆ అధికారి మామూలుగా సంతకం పెట్టేసి ఉంటే ఏం జరిగేది? అసలైన న్యూజిలాండ్ పాస్‌పోర్ట్ వచ్చేది. అందులో దరఖాస్తుదారు ఫొటో, వేరే మనిషి పేరు. ఇవాళైతే చిప్‌లో నిఖార్సైన సంతకం, గేటు దగ్గర నూటికి నూరుపాళ్లు కలిసే ముఖం. గణితం మొత్తం పని చేస్తుంది, జవాబు మాత్రం అబద్ధం. పాస్‌పోర్ట్ భద్రత దాని కింద పెట్టిన మొదటి ధ్రువపత్రాల భద్రతను మించదు. అప్పుడు కాపాడింది ఒక మనిషి చెవి.

రానివ్వాలా, వద్దా

మూడో ప్రశ్నలో గణితం తక్కువ, విధానం ఎక్కువ. అరవై దాకా దేశాల పౌరులకు న్యూజిలాండ్ వీసా అడగదు. 2019 అక్టోబరు నుంచి వాళ్లు కూడా ముందుగా ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. భారత పాస్‌పోర్ట్ ఆ జాబితాలో లేదు, మనకు వీసా తప్పదు. పర్యాటకులు కట్టాల్సిన లెవీ 2024 అక్టోబరు 1న 35 డాలర్ల నుంచి 100 న్యూజిలాండ్ డాలర్లకు పెరిగింది. తిరుగు ప్రయాణానికి ఏర్పాటు చూపాలి. ఖర్చులకు నెలకు 1000 డాలర్లు, బసకు ముందే డబ్బు కట్టి ఉంటే 400 డాలర్లు ఉన్నట్టు చూపాలి. తిరిగి వెళ్లే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టుకు గడువుండాలి. జారీ చేసిన దేశం న్యూజిలాండ్‌లోనే పాస్‌పోర్ట్ ఇవ్వగలిగితే ఒక నెల చాలు. మనకు వెల్లింగ్టన్‌లో హైకమిషన్ ఉంది. 2024 సెప్టెంబరులో ఆక్లాండ్‌లోనూ భారత కాన్సులేట్ తెరిచారు. అయినా ఆరు నెలల గడువు ఉంచుకుని బయలుదేరడమే మంచిది. మధ్యలో ఆగే దేశానికి వేరే లెక్క ఉండొచ్చు.

న్యూజిలాండ్ వీసా ఇప్పుడు చాలావరకు ఎలక్ట్రానిక్ రికార్డే. పాస్‌పోర్టులో అంటించిన స్టిక్కర్ కాదు, పాస్‌పోర్ట్ నంబరుకు ముడిపెట్టిన ఒక నమోదు. వీసా వచ్చాక పాస్‌పోర్ట్ మార్చుకుని, ఆ సంగతి ఇమిగ్రేషన్ న్యూజిలాండ్‌కు తెలపకపోతే ముడి తెగినట్టే. చేతిలో వీసా పత్రం ప్రింటు ఉన్నా చెక్-ఇన్ తెర దాన్ని చూడదు. ఆక్లాండ్ విశ్వవిద్యాలయం, ఆక్లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం (ఏయూటీ) రెండూ సిటీ సెంటర్‌లోనే ఉన్నాయి. అక్కడ చదివే పిల్లల్ని చూడటానికి బయలుదేరే అమ్మానాన్నలు ఈ ఒక్క విషయం మరచిపోకూడదు. వీసా ఉన్నా, దిగాక అధికారి ప్రశ్నలు అడగవచ్చు. జవాబులు పొసగకపోతే ప్రవేశం నిరాకరించవచ్చు.

చివరిది ప్రయాణికుల డిక్లరేషన్. 2023లో కాగితం కార్డు స్థానంలో ఇది ఆన్‌లైన్‌కు మారింది. విమాన ప్రయాణికులు బయలుదేరడానికి 24 గంటల ముందు నుంచి నింపవచ్చు. పైసా కట్టనక్కర్లేదు, డబ్బులడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదని గుర్తుపెట్టుకోవాలి. ఇందులో మన ఇళ్లకు సంబంధించిన ప్రశ్న తిండి పదార్థాలది. ఆవకాయ జాడీ, కరివేపాకు, గోంగూర గింజలు, తేనె, పూజ కోసం పెట్టుకున్న పూలు, అన్నీ చెప్పాల్సినవే. చెప్పి చూపిస్తే అధికారి పరిశీలించి ఇచ్చేస్తాడు, లేదా తీసేసుకుంటాడు, అంతే. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఒక్క మామిడిపండుకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. 2015 ఫిబ్రవరిలో సిటీ సెంటర్‌ను ఆనుకుని ఉన్న గ్రే లిన్ పేటలో క్వీన్స్‌లాండ్ పండు ఈగ కనిపించింది. ఆ చుట్టుపక్కల ఇళ్ల నుంచి పండ్లు బయటికి పోకుండా కట్టడి చేశారు, పెరళ్లలో ఉచ్చులు పెట్టి వెతికారు. మొత్తం దొరికిన ఈగలు పద్నాలుగు. పీడ పూర్తిగా పోయిందని ప్రకటించడానికి డిసెంబరు దాకా పట్టింది. కివీ, ఆపిల్ ఎగుమతుల మీద బతికే దేశం పాస్‌పోర్టుతో సమానంగా సంచీని ఎందుకు అనుమానిస్తుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

మన చేతిలో ఉన్న కొస

చిప్‌లోని సంతకం, ముఖం కొలత, శంషాబాద్ తెర మీది జవాబు, ఇవేవీ ప్రయాణికుడి చేతిలో లేవు. ఉన్నదల్లా వీటన్నిటికీ ఆధారమైన మొదటి కాగితం. మన పల్లెల్లో ఒక తరం దాకా పుట్టినరోజంటే బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ. అదే పదో తరగతి మెమోలోకి, మెమోలోంచి పాస్‌పోర్టులోకి వచ్చింది. ఇప్పుడు అదే తేదీ చిప్‌లోకి ఎక్కి, ప్రపంచంలో ఎవరూ మార్చలేని డిజిటల్ సంతకంతో కాపాడబడుతోంది. పంతులుగారి ఉజ్జాయింపును ఇంత పకడ్బందీగా భద్రపరుస్తున్నాం! పేరు సంగతీ అంతే. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు, మూడోచోట వేరే స్పెల్లింగ్ ఉంటే యంత్రం దృష్టిలో వాళ్లు ముగ్గురు.

2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్ట్ కావాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే రుజువని మన నిబంధనలు మారాయి. బడి రికార్డులు, ఇతర కార్డులు దానికి ఇక చెల్లవు. కాబట్టి ఇవాళ పుట్టిన పాప ఇరవై ఏళ్ల తర్వాత ఆక్లాండ్‌లో చదవడానికి వెళ్తే, ఆమె ప్రయాణంలో మొదటి తనిఖీ పంచాయతీ ఆఫీసులోనో మున్సిపాలిటీలోనో జరిగిపోయినట్టే. ఆ ధ్రువపత్రం తీసుకునే రోజు ఇంటిపేరు పూర్తిగా పడిందా, తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో ఉన్న స్పెల్లింగే పడిందా అని కౌంటర్ దగ్గరే నిలబడి చదువుకోవాలి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవాలి. అక్కడ ఇంకా ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, అడిగితే వింటాడు.